నారాజు అందా, నా రాజు అందా

ఆ సాయంత్రం మా నాన్నని చూసి ఆవిడ 'నారాజు' అందా, 'నా రాజు' అందా? అది ఒక్క మాటా, రెండు మాటలా? ముప్పై ఏళ్ళు దాటింది ఈ ప్రశ్న నన్ను పట్టుకుని. నలుగురిలో చెబితే నవ్వుతారు, నాకూ నవ్వే వస్తుంది. జవాబు తెలిసిన మనిషి ఆవిడే. ఎప్పుడో తీరిగ్గా కూర్చోబెట్టి అడుగుదామనుకుంటూనే ఉన్నాను. పోయిన వారం ఆవిడ వెళ్ళిపోయింది.

ఆవిడ కూతురు ఫోన్ చేసి చెప్పింది. "అమ్మ పోయింది అక్కా. పొద్దుగాల చాయ్ తాగింది. చక్కెర తక్కువేసినవని నన్ను తిట్టింది. గట్లనే గోడకు ఒరిగింది, అంతే." ఏడుస్తూనే చెప్పింది కానీ, చక్కెర దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్లకి నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. చావు కబురు విని నవ్వానని రాస్తే తప్పు పట్టేవాళ్ళుంటారు. ఆవిడ మాత్రం పట్టదు.

ఆవిడ మాకు చుట్టం కాదు. డెబ్బైల మొదట్లో, నాన్నకి ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం వచ్చి మేం కృష్ణా జిల్లా నుంచి లింగంపల్లి వచ్చినప్పుడు, మాకు రెండు గదులు కిరాయికి ఇచ్చిన ఇంటావిడ. అమ్మ 'అక్కగారూ' అనేది, నాన్న 'వదినగారూ' అనేవాడు. నాకూ తమ్ముడికీ పెద్దమ్మ. ఇప్పుడు అద్దాల మేడలు నిలబడ్డ వైపంతా అప్పట్లో పెద్ద పెద్ద రాతి గుండ్లు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు, వానాకాలం పోయాక ఎటు చూసినా తంగేడు పూలు. స్టేషన్లో రైలు ఆగితే మా వాకిట్లో గిన్నెలు అదిరేవి. ఫ్యాక్టరీ సైరన్ మాకు గడియారం.

మంచిదే కానీ, పెద్దమ్మ మెత్తని మనిషి కాదు. బావి దగ్గర చేద తాడు సరిగ్గా చుట్టి పెట్టకపోతే వీధి చివరిదాకా వినిపించేలా అరిచేది. మా వంటకి వంకలు పెట్టేది. అమ్మ గుమ్మడికాయ పులుసు పంపిస్తే ఒక్క చుక్క నాలిక మీద వేసుకుని, "ఏంది చెల్లె, కూరనా పాయసమా? మీ ఊర్ల చెరుకులు ఎక్కువైతె అమ్ముకోవాలె గానీ చార్ల పోస్తరా?" అనేది. గిన్నె మాత్రం ఖాళీగా తిరిగొచ్చేది.

మా నాన్న సరదా మనిషి. సాయంత్రం సైకిల్ మీద వస్తూ వీధి మలుపులో గంట కొట్టేవాడు. ఊరికే కొట్టడం కాదు, దరువు వేసినట్టు కొట్టేవాడు. ఆ చప్పుడు వినగానే తమ్ముడు లేచి పరుగెత్తేవాడు. మేం వచ్చిన రెండో ఏడు, వర్షాలు మొదలయ్యాక, ఆ గంట ఆగిపోయింది.

ఎందుకో మాకెవరూ చెప్పలేదు. పై ఆఫీసరుతో పడటం లేదనో, రావలసిన ప్రమోషన్ ఇంకొకరికి వెళ్ళిందనో అమ్మ ఊరి నుంచి వచ్చిన పిన్నితో గుసగుసగా అంటుండగా విన్న గుర్తు. నాకు తెలిసింది ఒక్కటే. సైకిల్ చప్పుడు చెయ్యకుండా వస్తుంది. నాన్న కాళ్ళు కడుక్కుని, అన్నం తిని, గోడవైపు తిరిగి పడుకుంటాడు. కోప్పడినా బాగుండేది. కోప్పడడు. పిలిస్తే "ఆఁ" అంటాడు, అంతే.

నేనూ తమ్ముడూ మాకు చేతనైనదంతా చేశాం. వాడు హెడ్మాస్టరు నడకని నడిచి చూపించాడు. నేను బళ్ళో నేర్చుకున్న పద్యాలన్నీ ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాను. ఓ రోజు వాడు అమ్మ చీర కట్టుకుని వచ్చాడు. నాన్న చూసి, "చదువుకోండమ్మా" అన్నాడు. ఆ గొంతులో ఉన్న అలసట విని వాడు చీర విప్పకుండానే మూలకి పోయి ఏడ్చాడు.

తర్వాత కొద్ది రోజులకి అన్నం దగ్గర నాన్న, "దసరా సెలవులకి మీరు ముగ్గురూ ఊరెళ్ళిపోండి. పిల్లల్ని అక్కడే బళ్ళో వేద్దాం. నేను మెస్సులో తింటా," అన్నాడు. మర్నాడు అమ్మ అటక మీది ట్రంకు పెట్టె దించి, దుమ్ము దులిపి, గోడవారన పెట్టింది. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ నేను దాని వైపు చూడకుండా నడిచేదాన్ని. మేం ఊరెళ్ళిపోతే నాన్న గోడవైపు తిరిగి పడుకుంటే చూసేవాళ్ళు కూడా ఉండరు కదా అనిపించేది.

అప్పుడు జరిగింది ఇది.

పెద్దమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను పిలిచి అడిగింది.

"ఏం బిడ్డా, మీ నాయన నారాజుగున్నడా ఏంది?"

ఇక్కడివాళ్ళకి చెప్పనక్కర్లేదు. నారాజు అంటే మనసు బాగోలేక, ముభావంగా, అలిగినట్టు ఉండటం. ఉర్దూలోంచి వచ్చిన మాట. నాకు ఆ మాటే తెలియదు. మా ఇంట్లో ఉన్నది 'నా రాజు'. తమ్ముడు అన్నం తినకపోతే అమ్మ, "నా రాజువి కదూ, ఒక్క ముద్ద" అనేది. అదే అనుకున్నాను. ఇంటావిడ మా నాన్నని అంత ముద్దుగా అడిగిందని నాకు మహా సంతోషమేసింది.

"అవునండీ," అన్నాను.

"అయ్యో పాపం! ఎన్ని దినాల సంది?"

"మా నాన్న ఎప్పుడూ అంతేనండీ. పుట్టినప్పట్నించీ."

పెద్దమ్మ చేతిలో చింతపండు చేతిలోనే ఉండిపోయింది. "పుట్టినకాడికెళ్ళి నారాజేనా! మీ అమ్మ ఎట్ల ఏగుతున్నదే?"

"అమ్మకీ ఇష్టమేనండీ."

ఆవిడ నన్ను కిందనించి పైదాకా చూసింది. కళ్ళు చిన్నవి చేసి చూసింది. "సరే తీ. నేనే అడిగి అర్సుకుంట," అంది. ఆ చూపు ఏమిటో నాకు ఇప్పటికీ అనుమానమే.

ఆ సాయంత్రం నాన్న చప్పుడు లేకుండా వచ్చి సైకిల్ దిగుతుంటే పెద్దమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురొచ్చింది. అమ్మ వంటింటి గుమ్మంలో గరిటెతో నిలబడి ఉంది.

"ఏంది సారూ, పుట్టినకాడికెళ్ళి నారాజేనంట? మీ బిడ్డ చెప్పింది."

నాన్న తెల్లమొహం వేశాడు. ఆయనకి అర్థం కాలేదేమోనని నేను సాయం వెళ్ళాను. వీధంతా వినేలా, "నాన్నా, పెద్దమ్మ నిన్ను 'నా రాజు' అంటోంది!" అన్నాను.

అమ్మ చేతిలో గరిటె కింద పడింది. "అక్కగారూ, ఏమీ అనుకోకండి, దానికి బుద్ధి లేదు," అంటూ అమ్మ పరుగెత్తుకొచ్చింది.

పెద్దమ్మ నా చెవి పట్టుకుంది. "నీ నోట్ల మన్ను వొయ్య! నా రాజు గా మంచంల పండిండు, సూడు!" అని అరుగు అవతల చూపించింది. అక్కడ కుక్కిమంచం మీద పెద్దయ్య, ఆవిడ భర్త, తువ్వాలు మొహం మీద వేసుకుని పడుకుని ఉన్నాడు. తువ్వాలు తీసి తల ఎత్తి, "ఏందే, నన్నేనా పిలిచింది?" అన్నాడు.

"నిన్ను గాదు, నువ్వు పండుకో!"

"మల్ల రాజు అన్నవ్?"

"గిప్పుడు రాజు మారిండు, ఊకో!"

నాన్న ముందు దగ్గాడు. తర్వాత ముక్కులోంచి ఏదో చప్పుడు వచ్చింది. తర్వాత నవ్వాడు. వంగి, సైకిల్ హ్యాండిల్ పట్టుకుని, ఊపిరి అందకుండా నవ్వాడు. పట్టు కోసం చెయ్యి జరిపితే బొటనవేలు గంట మీద పడి, అది దానంతటది మోగింది. లోపల ఉన్న తమ్ముడు ఏం జరిగిందో తెలియక, అలవాటు కొద్దీ, గంట విని పరుగెత్తుకొచ్చాడు. పెద్దమ్మ నా చెవి వదిలేసి, "మన్ను గాదు బిడ్డా, నీ నోట్ల చక్కెర వొయ్య," అంది.

ఆ రాత్రి కూడా నాన్న గోడవైపే తిరిగి పడుకున్నాడు. ఒక్క నవ్వుతో మనిషి బాగైపోతాడని నేను రాయను. గోడవారన ట్రంకు అలాగే ఉంది. కానీ పెద్దమ్మ అంతటితో వదల్లేదు.

పండగ ఆఖరి రోజైన సద్దుల బతుకమ్మకి ముందు రోజు వచ్చింది. "సారూ, మీరు గీతలు గీసే పని చేస్తరంట గద. మా బతుకమ్మ ఏటా ఒక్కదిక్కు ఒరుగుతది. పోయినేడు సగం తొవ్వల్నే పడబోయింది, నా ఇజ్జత్ పోయింది. జర మీరు సూడుండ్రి."

మా వైపు బతుకమ్మ లేదు. పూలని తాంబాళంలో గుండ్రంగా వరసల మీద వరసలు పేర్చి గోపురంలా లేపడం మేం అంతకు ముందు ఏడే మొదటిసారి చూశాం. నాన్న, "నాకేం తెలుసండీ వదినగారూ," అన్నాడు. "తెల్వకనే గద అడుగుతున్న. తెలిసినోళ్ళు అందరూ ఒరిగియ్యనే వట్టిరి," అంది ఆవిడ.

మర్నాడు పొద్దున్నే పెద్దయ్యా నాన్నా గుండ్ల వైపు వెళ్ళారు. సైకిల్ హ్యాండిల్ నిండా తంగేడు కొమ్మలు కట్టుకుని తిరిగొచ్చారు. ముందు పసుప్పచ్చటి పొద, వెనక ఇద్దరి కాళ్ళు, అంతే కనిపించాయి. తర్వాత నాన్న కాగితం మీద బొమ్మ గీశాడు. వరసవరసకీ వలయం ఎంత తగ్గాలో వృత్తలేఖినితో గీసి, పక్కన కొలతలు వేశాడు. పైకప్పు దూలానికి దారం కట్టి, దాని చివర తాళం చెవి వేలాడదీసి, అది బతుకమ్మకి నడినెత్తిన ఉండాలన్నాడు. వాడలో ఆడవాళ్ళు చూడ్డానికి వచ్చారు.

పెద్దమ్మ కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. "మస్తుగున్నది. గౌరమ్మను గూడ కాయిదం మీదనే ఆడుకుందుమా సారూ?"

"మీరు ఆ గునుగు పూలు కాడ ఒకే పొడుగు కొయ్యాలండీ. ఇలా ఒకటి పొట్టి, ఒకటి పొడుగు అయితే నేనేం చెయ్యను?"

"అగో! పూలకు గూడ డ్యూటీ వడ్డది!"

నాన్న ఆవిడ మీద విసుక్కున్నాడు. వరస తప్పు పేర్చినందుకు అమ్మనీ కోప్పడ్డాడు. ఎన్నాళ్ళ తర్వాతో ఆ కోపం విని అమ్మ తల వంచుకుని నవ్వుకోవడం నేను చూశాను. మధ్యాహ్నానికి బతుకమ్మ లేచింది. తంగేడు, రంగులద్దిన గునుగు, బంతి, నెత్తిన గుమ్మడి పువ్వు. తాళం చెవి సరిగ్గా పువ్వు మధ్యలో. అంత నిటారు బతుకమ్మని ఆ వాడలో ఎవరూ చూడలేదట. "గింత సక్కగుంటే ఆడబుద్ధి కాదు, దండం వెట్టబుద్ధైతది," అంది పెద్దమ్మ.

సాయంత్రం దాన్ని ఎత్తుకునే వంతు పెద్దమ్మ పట్టుబట్టి మా అమ్మకి ఇచ్చింది. అలవాటు లేని తల. నాలుగు అడుగులు వేసేసరికి తాంబాళం కుడికి వంగింది, బతుకమ్మ ఒరిగింది. నాన్న పక్కనే పరుగెడుతూ, "ఎడమకి! ఎడమకి! నీ ఎడమ కాదే, నా ఎడమ!" అని కేకలు. ఆడవాళ్ళు నవ్వి నవ్వి పాట మర్చిపోయారు. కుంట దగ్గర చప్పట్లు కొడుతూ తిరిగినంతసేపూ నాన్న ఒక బండ మీద నిలబడి, తల పక్కకి వంచి, ఆ వంగిన పూలగోపురాన్నే చూస్తున్నాడు. ఆయన మొహం మళ్ళీ ముభావం అవుతోందేమోనని నాకు భయం. నీళ్ళలోకి వదిలారు. ఒరిగినది ఒరిగినట్టే, అదే వంకరతో, మెల్లగా తేలుతూ లోపలికి పోయింది.

పెద్దమ్మ ఒడ్డుకొచ్చి చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ నాన్నతో అంది. "ఒరిగితేంది సారూ, మునిగిందా?"

నాన్న నీళ్ళ వైపే చూస్తూ బండ దిగాడు. ఆవిడ రొట్టే బెల్లమూ కలిపి చేసిన మలీద ముద్ద అందరికీ పంచుతుంటే అమ్మ ఊరుకోలేదు. "మా పులుసులో బెల్లం ఎక్కువన్నారు, మరి ఇదేంటి అక్కగారూ?" అంది. "గిది దేవుని బెల్లం, మీది మనుషుల బెల్లం. రెండూ ఒకటేనా?" అని తిప్పికొట్టింది పెద్దమ్మ.

ఇంటికి వచ్చాక అమ్మ ట్రంకు ముందు కూర్చుని మూత తీసింది. ఏవి సర్దమంటారు అన్నట్టు నాన్న వైపు చూసింది. నాన్న చొక్కా విప్పుతూ, "అంత పెద్ద పెట్టె ఎందుకు? నాలుగు రోజులకి సంచీ చాలదూ?" అన్నాడు. అమ్మ మూత వేసేసింది. ఆ మూత చప్పుడంత తియ్యటి చప్పుడు నేను తర్వాత వినలేదు. సెలవులయ్యాక నాన్నే మమ్మల్ని తీసుకొచ్చాడు. మలుపులో గంట మళ్ళీ మొదలైంది. రోజూ కాదు కానీ, మొదలైంది.

కొంత పెద్దయ్యాక పెద్దమ్మని అడిగాను, మేం ఎంత నవ్వించబోయినా నవ్వని నాన్న నీ మాట ఎలా విన్నాడని. ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "నారాజుగున్నోన్ని నవ్వియ్యబోతె వానికి ఇంకింత ఇజ్జత్ పోతది బిడ్డా. నా మొకం గింత అగ్వయిందా, పిలగాండ్లు సుత కోతిలెక్క ఎగరవట్టిరి అనుకుంటడు. పని చెప్పాలె. నువ్వు లేకుంటె గాదు అనాలె." అగ్వ అంటే చవక. ఆవిడ అందరికీ అదే మందు వేసేది. ఇంటర్మీడియెట్‌లో మార్కులు తక్కువొచ్చి నేను తలుపేసుకుంటే, తలుపు మీద కొట్టి, "ఏడుపు తర్వాత ఏడుద్దువు గానీ, నా సూదిల దారం వొయ్యి, నాకు కండ్లు కనవడ్తలేవు," అంది. సూదుల మీద సూదులు పట్టుకొచ్చింది. అన్నీ ఎక్కించాక చూస్తే ఆవిడ కుట్టేదేమీ లేదు.

ఇప్పుడు మా ఆయన ఆ అద్దాల మేడల్లోంచి మొహం మాడ్చుకుని వస్తే నేను ఏమైందని అడగను. ఆవకాయ జాడీ ఇచ్చి మూత రావడం లేదంటాను. మా అమ్మాయికి ఈ కిటుకు తెలిసిపోయింది. "అమ్మా, అది నువ్వే బిగించావు కదా," అంటుంది. నోరు మూసుకోమంటాను.

అయినా నాకు కొన్ని అనుమానాలు పోవు. యూనివర్సిటీలో సైకాలజీ చదివాను. పెద్దవాళ్ళ మొహాలు చదివే పని పిల్లల మీద పడకూడదని నేర్పారు, అది నిజమే అనిపిస్తుంది. తమ్ముడు చీరలో ఏడ్చిన మూల నాకింకా గుర్తుంది. మళ్ళీ, ఆ గంట దానంతటది మోగినప్పుడు మా ఇద్దరికీ కలిగిన సంబరం ఏ పాఠంలోనూ పట్టదు. పెద్దమ్మ చేసిన మేలు నాన్న దిగులు తీర్చడమా, లేక ఆ పని మా చేతుల్లోంచి తీసుకుని తన నెత్తిన వేసుకోవడమా? రెండోదేనేమో. పిల్లలం మేం మళ్ళీ పిల్లలం అయ్యాం.

అసలు ప్రశ్న వేరే ఉంది. రెండేళ్ళు ఫ్యాక్టరీలో హైదరాబాదు వాళ్ళ మధ్య పనిచేసిన మా నాన్నకి నారాజు అనే మాట తెలియకుండా ఉంటుందా? మరి ఆ తెల్లమొహం ఎందుకు? మాకు ముందు అదే ఇంట్లో బెజవాడ స్టేషన్‌మాస్టరు కుటుంబం చాలా ఏళ్ళు ఉండి వెళ్ళింది. మమ్మల్ని వెక్కిరించాలంటే పెద్దమ్మ తన అలవాటు ప్రకారం సల్ల అనకుండా 'మజ్జిగ' అని సాగదీసి పలికేది. ఆ మాట మా చెవిలో ఎలా పడుతుందో ఆవిడకి తెలియదా? నేను పొరపాటు పడి ఇంటికి నవ్వు తెచ్చానా, పెద్దవాళ్ళిద్దరూ కలిసి నాకా పొరపాటు ఇచ్చారా? నా పెళ్ళిలో ఒకసారి అడిగితే, "ఏమన్నా మంచిగనే అన్న గద, గిప్పుడేం ఫికర్ నీకు? పో, అక్షింతలు తే," అని నాకే పని చెప్పింది. పెళ్ళికూతురికి.

నాన్న ఇప్పుడు మాతోనే ఉంటాడు, ప్రగతి నగర్‌లో. పెద్దమ్మ కబురు చెప్పడానికి బాల్కనీలోకి వెళ్ళాను. పేపరు చదువుతున్నాడు. చెప్పాను. పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. బాల్కనీలోంచి కనిపించే చెరువు వైపు చూశాడు.

"ఇంక నారాజుగా ఉన్నావా అని అడిగేవాళ్ళు లేరే," అన్నాడు.

నేను ఇంత దగ్గర్లో నిలబడి విన్నాను. ఆ మాట మధ్యలో, 'నా' తర్వాత, చిన్న ఖాళీ ఉన్నట్టే అనిపించింది. లేదేమో కూడా. మళ్ళీ అనమని అడగబోయి ఆగిపోయాను. కుర్చీ చేతి మీద ఆయన బొటనవేలు మెల్లగా, దరువు వేసినట్టు కదులుతోంది. ఒక్క మాటో రెండు మాటలో, నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.